రోమ్‌లో ఆరు రాత్రులు: పాంపే, ఓస్టియా, టివోలిలో అమ్మానాన్నలతో ఏది పెట్టుకోవాలి?

నల్లకుంట_నివాసి:

అందరికీ నమస్తే. దసరా సెలవులకు రోమ్ వెళ్దామని అనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, ఐదో తరగతి చదివే పాప, మా అమ్మానాన్న, మొత్తం అయిదుగురం. అక్టోబర్ రెండో వారంలో శనివారం మధ్యాహ్నం రోమ్‌లో దిగుతాం, ఆ తర్వాతి శుక్రవారం సాయంత్రం దోహా మీదుగా మళ్లీ శంషాబాద్. అంటే ఆరు రాత్రులు, పూర్తిగా చేతిలో ఉండేవి ఆది నుంచి గురువారం దాకా అయిదు రోజులు.

నాన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచర్‌గా చేసి రిటైర్ అయ్యారు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ పిల్లల్ని బస్సెక్కించి కొండాపూర్, ఫణిగిరి, నాగార్జునకొండ లాంటి పాత తవ్వకాల చోట్లన్నీ తిప్పిన మనిషి. వెసూవియస్ అగ్నిపర్వతం పేలుడు గురించి పాఠం చెప్పేటప్పుడు బోర్డు మీద బొమ్మ వేసేవారు, అందులో పూడిపోయిన పాంపేను కళ్లారా చూడాలని ఆయనకు ఎప్పటి నుంచో కోరిక. అమ్మకు మోకాళ్ల నొప్పి. చదునుగా ఉంటే మెల్లగా ఎంతైనా నడుస్తుంది, మెట్లంటేనే కష్టం. గుడ్డు కూడా తినదు.

అమీర్‌పేటలో ఒక ట్రావెల్స్ వాళ్లు ఇచ్చిన ప్లాన్ ఇది: ఆదివారం కొలోసియం, సోమవారం ఫ్లోరెన్స్, మంగళవారం పాంపే ప్లస్ అమాల్ఫి, బుధవారం టివోలి, గురువారం వాటికన్. చూస్తేనే టెన్షన్ వస్తోంది. ఇందులో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి? రైల్లో మేమే వెళ్లగలమా, టూర్ బస్సు తీసుకోవాలా? టికెట్లు ఎంత ముందు కొనాలి? వీసాకి ఇంకా అప్లై చేయలేదు కాబట్టి ఏం మార్చినా ఇబ్బంది లేదు.


మారేడుపల్లి_మాధురి:

ఆ ప్లాన్ ఇచ్చినవాళ్లు మ్యాప్ చూశారు కానీ క్యాలెండర్ చూడలేదండి. సోమవారం ఫ్లోరెన్స్ అన్నారు, సోమవారం ఉఫీజీ మ్యూజియం మూత, మైకెలాంజెలో డేవిడ్ విగ్రహం ఉన్న అకాడెమియా కూడా మూతే. అంత దూరం వెళ్లి బయట నుంచి గోడలు చూసి రావాలి. అసలు ఫ్లోరెన్స్‌ను ఒక్క రోజులో కుదించడం ఆ ఊరికి అన్యాయం, ఇంకోసారికి వదిలేయండి.

నేను వాడే లెక్క ఒకటి చెప్తాను. రైలు ఎంతసేపు అని చూడకండి, హోటల్ తలుపు నుంచి ఆ చోటు గేటు దాకా ఎంతసేపు అని చూడండి. పాంపేకి నేపుల్స్ మీదుగా వెళ్లాలి. రోమ్ టెర్మిని స్టేషన్ నుంచి నేపుల్స్‌కి హైస్పీడ్ రైల్లో గంటా పది నిమిషాలు, వింటే ఉప్పల్ నుంచి హైటెక్ సిటీ వెళ్లినంత సేపే అనిపిస్తుంది. కానీ హోటల్ నుంచి స్టేషన్‌కి, ప్లాట్‌ఫాం వెతుక్కోవడానికి, నేపుల్స్‌లో దిగి కిందికి గరిబాల్డి స్టేషన్‌కి, అక్కడ చిర్కుమ్‌వెసువియానా అనే లోకల్ రైలు కోసం ఎదురుచూపు, అందులో ముప్పై అయిదు, నలభై నిమిషాలు, ఆ తర్వాత గేటు దగ్గర సెక్యూరిటీ. పెద్దవాళ్లతో, పాపతో అయితే ఒక వైపుకే మూడు గంటలు వేసుకోవాలి. అలా చూస్తే పాంపే పక్కన అమాల్ఫి పెట్టడం జరిగే పని కాదు. అమాల్ఫి తీరం అంతా కొండ అంచున మెలికలు తిరిగే రోడ్డు, పాంపేలో మూడు గంటలు ఎండలో నడిచాక అమ్మగారిని ఆ రోడ్డు మీద కూర్చోబెట్టకండి.

టివోలి మాట. అక్కడ రెండున్నాయి, జనం కలిపి చెప్తారు. ఒకటి విల్లా అద్రియానా, 2వ శతాబ్దంలో హేడ్రియన్ చక్రవర్తి కట్టుకున్న రాజప్రాసాదం, సుమారు 120 హెక్టార్లు. రెండోది విల్లా దెస్తే, 16వ శతాబ్దంలో ఒక కార్డినల్ కొండ వాలు మీద వేయించిన ఫౌంటెన్ల తోట. రెండూ యునెస్కో జాబితాలో ఉన్నవే, కానీ ఒకదానికొకటి పక్కన లేవు, మధ్యలో బస్సు ఎక్కాలి. విల్లా దెస్తేలో ఫౌంటెన్లన్నీ కిందికి దిగి చూడాలి, మళ్లీ ఎక్కి రావాలి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు నేను చెప్పను.

నా మాట: వాటికన్, కొలోసియం ఉంచండి. పాంపేకి ఒక రోజు పూర్తిగా ఇవ్వండి, దాని పక్కన ఇంకేదీ వద్దు. ఇంకో రోజు రోమ్ దగ్గరలోనే ఏదైనా. ఆదివారం వాటికన్ మ్యూజియం మాత్రం పెట్టుకోకండి, మూసి ఉంటుంది. నెలలో చివరి ఆదివారం మాత్రం ఉచితంగా తెరుస్తారు, ఆ క్యూలో మీరు నిలబడలేరు.


రిటైర్డ్_రైల్వే_తార్నాక:

బాబూ, మాధురిగారు చెప్పిన "దగ్గరలోనే ఏదైనా" అన్నదానికి నా దగ్గర జవాబు ఉంది: ఓస్టియా ఆంటికా. మన దగ్గర నుంచి వెళ్లేవాళ్లు దాని పేరే ఎత్తరు, నాకు అది చాలా బాధ.

రోమ్‌కి సముద్రపు రేవు అది, టైబర్ నది సముద్రంలో కలిసే చోట కట్టారు. తర్వాత నది తెచ్చిన మట్టితో తీరం మూడు కిలోమీటర్ల దాకా ముందుకు జరిగిపోయింది, రేవు ఎండిపోయింది, ఊరు ఖాళీ అయింది. పాంపేలో అగ్నిపర్వతం ఒక్క దెబ్బతో చేసిన పని ఇక్కడ ఒండ్రు మట్టి కొన్ని వందల ఏళ్లు తీసుకుని చేసింది. వెళ్లడం ఎంత సులువంటే, మెట్రో బి లైన్‌లో పిరమిడే స్టేషన్ దగ్గర దిగి, ఆనుకునే ఉన్న పోర్తా సాన్ పావొలో స్టేషన్‌లో లీడో వైపు వెళ్లే రైలు ఎక్కితే అరగంట. ఊళ్లో మెట్రోకి, బస్సుకి వాడే టికెట్టే దీనికీ చెల్లుతుంది, వేరే కొననక్కర్లేదు. దిగాక కాలినడకన పది నిమిషాల లోపే. ఒక్కటే గుర్తు పెట్టుకో, సోమవారం మూసి ఉంటుంది.

లోపల ఏముంటుందంటే, మామూలు జనం బతికిన ఊరు ఉంటుంది. రాజుల కోటలు ఎక్కడైనా చూస్తాం, ఇక్కడ మూడు నాలుగు అంతస్తుల అద్దె ఇళ్లు, అంటే ఆ కాలపు అపార్ట్‌మెంట్లు, ఇటుక గోడలతో నిలబడి ఉన్నాయి. రాతి కౌంటర్ ఉన్న తిండి కొట్టు, దాని గోడ మీద అమ్మే పదార్థాల బొమ్మలు. వరసగా కూర్చునే రాతి మరుగుదొడ్లు, పిల్లలకు అదే బాగా నచ్చుతుంది. నెప్ట్యూన్ స్నానశాల నేల మీద నల్లరాయి, తెల్లరాయి ముక్కలతో పరిచిన సముద్ర గుర్రాలు. థియేటర్ వెనక ఒక పెద్ద చౌకు, దాని చుట్టూ ఓడల వర్తకుల ఆఫీసులు, ప్రతి ఆఫీసు ముందు నేల మీద వాళ్ల వ్యాపారం బొమ్మ. ఆఫ్రికాలోని సబ్రాతా ఊరి వాళ్ల ఆఫీసు ముందు ఏనుగు బొమ్మ ఉంటుంది. మీ పాపకు ఒక కాగితం ఇచ్చి ఎన్ని ఓడలు, ఎన్ని చేపలు, ఏనుగు ఎక్కడ అని వెతకమను, గంట సేపు నిన్ను అడగదు.

స్థలం చదునే. కాకపోతే నడి వీధి కిలోమీటరుకు పైగా ఉంటుంది, పరిచిన నల్లరాళ్ల మధ్య సందులు ఉంటాయి, అమ్మగారికి గట్టి అట్ట ఉన్న బూట్లు ఉండాలి, చెప్పులు పనికిరావు. పైన్ చెట్ల నీడ ఉంటుంది, పాంపేలో అది దొరకదు.

నన్ను అడిగితే పాంపే కూడా అక్కర్లేదు, ఓస్టియా ఒక్కటి చాలు అంటాను. కానీ మీ నాన్నగారి కోరిక అన్నావు కాబట్టి ఆ మాట అనను.


గచ్చిబౌలి_బ్యాక్‌ప్యాక్:

అన్నా, పేరెంట్స్‌తో రైళ్లు మారడం ఎందుకు, రోమ్ నుంచి పాంపేకి డైరెక్ట్ ఏసీ బస్సు టూర్లు ఉన్నాయి, పొద్దున ఎక్కిస్తారు, రాత్రి దించుతారు, గైడ్ కూడా వాళ్లే, మధ్యలో పిజ్జా భోజనం కూడా. లగేజీ టెన్షన్ లేదు, జేబుదొంగల టెన్షన్ లేదు. చిర్కుమ్‌వెసువియానాలో రష్ మామూలుగా ఉండదు, పైగా ఆ లైన్‌లో జేబుదొంగలు ఉంటారని అందరూ చెప్తారు. మా అమ్మానాన్నలను నేను టూర్‌లోనే తీసుకెళ్లా, హ్యాపీ.


మారేడుపల్లి_మాధురి:

బ్యాక్‌ప్యాక్ గారూ, సౌకర్యం విషయంలో మీ మాట నిజమే, దాన్ని కాదనను. కానీ అలాంటి టూర్లు చాలా వాటిలో రోజంతా బస్సులో గడిచి, పాంపే లోపల ఉండేది రెండు గంటలే. రోడ్డు మీద ఒక వైపుకే సుమారు మూడు గంటలు, మధ్యలో భోజనం ఆగడం, కొన్నిటిలో సావనీర్ షాపు. ఆ ఊరు 66 హెక్టార్లు, అందులో మూడింట రెండు వంతులు తవ్వారు. జీవితమంతా పిల్లలకు దాని గురించి చెప్పిన టీచర్‌ని జెండా పట్టుకున్న గైడ్ వెనక పరుగెత్తించి రెండు గంటల్లో బయటికి పంపడం నాకు మనసొప్పదు.

ఇంకో దారి చెప్తాను. నల్లకుంట గారూ, ఒక రాత్రి నేపుల్స్‌లో ఉండండి. రోమ్‌లో అయిదు రాత్రులు, నేపుల్స్‌లో ఒకటి. పొద్దున నేపుల్స్ వెళ్లి, స్టేషన్ దగ్గర హోటల్లో బ్యాగులు పెట్టి, పాంపే చూసి, రాత్రి అక్కడే పడుకుని, మర్నాడు మెల్లగా రోమ్ రావచ్చు. తిరుగు రైలు తప్పిపోతుందేమో అని గడియారం చూసుకోనక్కర్లేదు. అమ్మగారు అలిసిపోతే ఒక గంట ముందే బయటికి వచ్చేయవచ్చు.

చిర్కుమ్‌వెసువియానా బదులు ఇంకో మార్గం కూడా ఉంది. నేపుల్స్ సెంట్రల్ నుంచి మామూలు ట్రెనిటాలియా రైలు పాంపే ఊరి స్టేషన్‌కి వెళ్తుంది, అక్కడి నుంచి కొంచెం నడిస్తే పియాజ్జా ఆంఫితియాత్రో వైపు గేటు. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు ఆ గేటే మంచిది, ఎందుకంటే "పాంపే అందరికీ" అని వాళ్లు వేసిన చదును దారి అక్కడి నుంచే మొదలవుతుంది. మూడు కిలోమీటర్లకు పైగా ఉంటుంది, మెట్లు లేకుండా ముఖ్యమైనవి చాలా వరకు కలుస్తాయి. జనం ఎక్కువగా వెళ్లే పోర్తా మరీనా గేటు దగ్గర మాత్రం ఎక్కుడు ఉంటుంది.


నల్లకుంట_నివాసి:

అందరికీ చాలా థాంక్స్. ఇవన్నీ నాన్నకు చదివి వినిపించా. ఫ్లోరెన్స్, అమాల్ఫి, టివోలి మూడూ తీసేశాం. ఓస్టియా గురించి రైల్వే గారు రాసింది విని అమ్మ కూడా "అక్కడికి వెళ్దాం" అంది, నాకు అదే ఆశ్చర్యం.

రెండు సందేహాలు. అమ్మ నిజంగా పాంపేలో నడవగలదా అని ముందే తెలుసుకునేదెలా? ఇంకోటి నాన్న అడగమన్నారు: మన శాతవాహనుల కాలం, పాంపే కాలం దాదాపు ఒకటే కదా, కొండాపూర్ తవ్వకాల్లో రోమన్ నాణేలు దొరికాయి కదా, మరి అటు వైపు మన వస్తువులేమైనా దొరికాయా, ఉంటే ఎక్కడ చూడొచ్చు అని.


శాసనాల_పిచ్చి:

మీ నాన్నగారికి ముందు నా నమస్కారం చెప్పండి. ఆ ప్రశ్న అడిగారంటే ఆయన నేపుల్స్‌లో ఒక రాత్రి ఉండి తీరాల్సిందే. దొరికింది. అది కూడా పాంపేలోనే.

1938లో పాంపేలోని ఒక ఇంట్లో ఏనుగు దంతంతో చెక్కిన ఒక స్త్రీ బొమ్మ బయటపడింది. జానెడు కంటే కొంచెం ఎక్కువ, సుమారు 25 సెంటీమీటర్ల ఎత్తు. మెడలో హారాలు, చేతులకు మోచేతి దాకా గాజులు, కాళ్లకు కడియాలు, రెండు వైపులా చిన్న పరిచారికలు. చూడగానే మన వాళ్ల పని అని తెలిసిపోతుంది. తవ్వకం చేయించిన అమెదెయో మైయూరి దాన్ని లక్ష్మి అన్నాడు, ఇప్పుడు చాలామంది పండితులు యక్షి అంటున్నారు. అలాంటి పోలికలున్న దంతపు బొమ్మలు మహారాష్ట్రలో భోకర్దన్, తేర్ దగ్గర దొరికాయి, ఆ రెండూ శాతవాహనుల ఏలుబడిలో ఉన్న ఊళ్లు. పాంపే క్రీ.శ. 79లో బూడిద కింద పడిపోయింది కాబట్టి ఆ బొమ్మ దానికి ముందే ఇక్కడి నుంచి సముద్రాలు దాటి అక్కడికి చేరింది అన్నది మాత్రం ఎవరూ కాదనలేని సాక్ష్యం. పురావస్తువుల్లో ఇంత కచ్చితమైన గడువు తేదీ దొరకడం అరుదు. ఆ ఇంటిని ఇప్పుడు భారతీయ బొమ్మ దొరికిన ఇల్లు అనే పేరుతో పిలుస్తారు, పాంపేలో వియా దెల్లబ్బొందాంజా అనే పెద్ద వీధి వైపు ఉంటుంది.

బొమ్మ మాత్రం ఇప్పుడు నేపుల్స్ జాతీయ పురావస్తు మ్యూజియంలో ఉంది. మీరు ఫణిగిరి పేరు ఎత్తారు కాబట్టి చెప్తున్నా, 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో తొలినాటి బౌద్ధ శిల్పాల ప్రదర్శన పెట్టినప్పుడు నేపుల్స్ నుంచి ఈ బొమ్మా, మన ఫణిగిరి శిల్పాలూ ఒకే చోటికి వచ్చాయి. ఇలా అప్పుడప్పుడు అరువు వెళ్తుంటుంది కాబట్టి బయల్దేరే ముందు మ్యూజియానికి ఒక మెయిల్ పెట్టి ఉందో లేదో కనుక్కోండి. ఒక సంగతి ముందే చెప్పాలి. దాన్ని ఉంచింది "గాబినెత్తో సెగ్రెతో" అనే గదుల్లో, పాంపేలో దొరికిన శృంగార చిత్రాలు, శిల్పాలు అన్నీ అక్కడే పెట్టారు. పాపను బయట ఉంచి పెద్దవాళ్లు వంతులవారీగా వెళ్లి చూసి రండి.

ఇంకోటి కూడా నాన్నగారికి నచ్చుతుంది. భారతదేశం ఏటా అయిదు కోట్ల సెస్టెర్సులు (రోమన్ నాణేలు) రోమ్ నుంచి లాగేస్తోందని రాసిన రోమన్ రచయిత పెద్ద ప్లినీ, మిరియాలకు ఇంత డబ్బు పోయడం ఏమిటని విసుక్కున్న ఆ ప్లినీయే, వెసూవియస్ పేలినప్పుడు నౌకాదళం అధిపతిగా జనాన్ని కాపాడటానికి ఓడలు తీసుకుని వెళ్లి ఆ తీరంలోనే చనిపోయాడు. ఆయన మేనల్లుడు చిన్న ప్లినీ అవతలి ఒడ్డు నుంచి చూసింది చరిత్రకారుడు టాసిటస్‌కు ఉత్తరాల్లో రాశాడు. మనకు ఆ రోజు సంగతి తెలిసింది ఆ ఉత్తరాల వల్లే. ఆగస్టు 24 అని పాత పుస్తకాల్లో ఉంటుంది, నాన్నగారూ అలాగే చెప్పి ఉంటారు. 2018లో ఒక ఇంటి గోడ మీద బొగ్గుతో రాసిన అక్టోబర్ తేదీ ఒకటి దొరికాక, అది అక్టోబర్‌లో జరిగి ఉండాలని ఇప్పుడు చాలామంది అంటున్నారు. మీరు వెళ్లేది కూడా అక్టోబర్‌లోనే.

రోమ్ ఫోరమ్‌లోనూ, అంటే పాత రోమ్ నడిబొడ్డు చౌకులోనూ ఆగండి. మాక్సెంటియస్ బసిలికా అని మూడు పెద్ద కమానులు నిలబడి ఉంటాయి, దాని కింద డొమీషియన్ చక్రవర్తి కట్టించిన మిరియాల గోదాముల అవశేషాలు బయటపడ్డాయి. మన పడమటి తీరం మిరియాలు చేరిన చోటు అది. కొలోసియం టికెట్‌లోనే ఫోరమ్ కలిసి ఉంటుంది, చాలామంది కొలోసియంలో ఫొటోలు దిగి, ఫోరమ్‌ను దాటుకుంటూ వెళ్లిపోతారు. మీరు అలా చేయకండి.


మారేడుపల్లి_మాధురి:

నడక గురించి: ఈ వారంలో ఒక పొద్దున అమ్మగారిని గోల్కొండకు తీసుకెళ్లండి. బాలా హిస్సార్ మెట్లు ఎక్కించొద్దు, కింద ఉన్న తోటలు, మసీదు, ఆ రాళ్ల దారులు మాత్రం రెండు గంటలు తిప్పండి. సాయంత్రానికి ఆమె ఎలా ఉన్నారో చూడండి. మోకాలు వాచకుండా ఉంటే పాంపే చదును దారి నడవగలరు. వాస్తే ఇంకా టైం ఉంది, రోజూ కొంచెం కొంచెం అలవాటు చేయించవచ్చు, లేదా పాంపే బదులు హెర్కులేనియం ఆలోచించవచ్చు. అదే పేలుడులో పూడిపోయిన చిన్న ఊరు, నేపుల్స్‌కి ఇంకా దగ్గర, ఎర్కొలానో స్కావి స్టేషన్. అక్కడ కాలి బొగ్గయిన చెక్క దూలాలు, తలుపులు, పై అంతస్తులు కూడా మిగిలాయి. గంటన్నర, రెండు గంటల్లో అయిపోతుంది. కాకపోతే స్టేషన్ నుంచి పల్లం, తిరిగి వచ్చేటప్పుడు అదంతా ఎక్కుడే.

పాంపేలో వీధుల్లో నడిచేటప్పుడు ఎత్తయిన కాలిబాటలు, రోడ్డు దాటడానికి వేసిన పెద్ద మెట్టు రాళ్లు, బండి చక్రాలు అరిగించిన గాడులు ఉంటాయి, కింద చూస్తూ నడవాలి. చనిపోయినవాళ్ల ఆకారాలు కూడా ఉంటాయి. బూడిదలో శరీరం కరిగిపోయి మిగిలిన ఖాళీలో ప్లాస్టర్ పోసి 1863లో ఫియొరెల్లి అనే ఆయన మొదలుపెట్టిన పద్ధతి అది. పారిపోతూ పడిపోయిన 13 మంది ఒకే తోటలో ఉన్నారు. పాపకు ముందే చెప్పి తీసుకెళ్లండి, అకస్మాత్తుగా చూస్తే భయపడుతుంది.

పెద్ద బ్యాగులు లోపలికి రానివ్వరు, గేటు దగ్గర ఉంచుకుంటారు. నీళ్ల సీసా ఖాళీ అయితే నింపుకోవడానికి లోపల కుళాయిలు ఉన్నాయి.

అమ్మగారి తిండి: పిజ్జా మరినారా అని అడగండి, అందులో చీజ్ కూడా ఉండదు, టమాటా, వెల్లుల్లి, ఒరెగానో అంతే. మాంసం వద్దు, చేప వద్దు అని రెండూ విడివిడిగా చెప్పాలి, "సెన్సా కార్నే, సెన్సా పేషే". ఒక్క మాంసం వద్దంటే చేప వేసి తెస్తారు. రోమ్‌లో సుప్లీ అని బియ్యంతో చేసిన వేపుడు ఉండలు అమ్ముతారు, మామూలుగా అందులో మాంసం రసం ఉంటుంది, జాగ్రత్త. తాజా పాస్తాలో గుడ్డు ఉంటుంది, ఎండు స్పెగెట్టీలో మామూలుగా ఉండదు. టెర్మిని దగ్గర పియాజ్జా విట్టోరియో చుట్టుపక్కల మన సరుకుల కొట్లు ఉన్నాయి, పప్పు, బియ్యం, పచ్చిమిర్చి అన్నీ దొరుకుతాయి, వంటగది ఉన్న ఫ్లాట్ తీసుకుంటే రాత్రికి అన్నం వండుకోవచ్చు. పాంపేకి మాత్రం పులిహోర డబ్బా కట్టుకుని వెళ్లండి.


నల్లకుంట_నివాసి:

శాసనాల గారూ, మీ మెసేజ్ నాన్న తన డైరీలో రాసుకున్నారు. ఇక నేపుల్స్ రాత్రి ఖాయం. ఇలా అనుకుంటున్నాం: ఆదివారం కొలోసియం, ఫోరమ్. సోమవారం వాటికన్. మంగళవారం ఓస్టియా. బుధవారం పాంపే, రాత్రి నేపుల్స్. గురువారం మ్యూజియం చూసి రాత్రికి రోమ్. శుక్రవారం ఫ్లైట్. సరిగ్గా ఉందా?


రిటైర్డ్_రైల్వే_తార్నాక:

చాలా మటుకు సరే, ఒక్క మార్పు చెయ్యి బాబూ. దూరం వెళ్లేది ఫ్లైట్‌కి ముందు రోజు పెట్టుకోకూడదు. ఇటలీలో రైల్వే సమ్మెలు తరచూ జరుగుతాయి, ముందే ప్రకటిస్తారు కానీ మనం వీసా, హోటళ్లు అన్నీ అయ్యాక ప్రకటిస్తారు. గురువారం రాత్రి నేపుల్స్‌లో ఇరుక్కుంటే శుక్రవారం ఫ్లైట్ కోసం పరుగులు పెట్టాలి. దూరం మధ్యలో, దగ్గరిది చివర్లో పెట్టు. మంగళవారం పాంపే, రాత్రి నేపుల్స్, బుధవారం మ్యూజియం, సాయంత్రం రోమ్, గురువారం ఓస్టియా. నేపుల్స్ మ్యూజియం మంగళవారం సెలవు, నీకు అక్కడ బుధవారం పడుతుంది కాబట్టి అదీ కుదిరింది. స్టేషన్ నుంచి మ్యూజియానికి మెట్రో లైన్ 1, గరిబాల్డిలో ఎక్కి మ్యూజియో స్టేషన్‌లో దిగడమే.

సమ్మె రోజు పడ్డా మామూలు పనిదినాల్లో పొద్దున 6 నుంచి 9 దాకా, సాయంత్రం 6 నుంచి 9 దాకా లోకల్, ప్రాంతీయ రైళ్లు నడపాలని నియమం ఉంది. స్టేషన్లో "షోపెరో" అన్న మాట కనబడితే సమ్మె అని అర్థం.

టికెట్ల సంగతి. హైస్పీడ్ రైలుకి ముందు కొంటే చవక, కానీ ఆ చవక టికెట్ ఆ ఒక్క రైలుకే, తప్పితే డబ్బు పోయినట్టే. కాబట్టి రోమ్ నుంచి నేపుల్స్ వెళ్లేది ముందే కొను, తిరిగి వచ్చేది మాత్రం మార్చుకోగలిగే రకం కొను, మీ నాన్నగారు ఆ బొమ్మ ముందు ఎంతసేపు నిలబడతారో ఎవరికి తెలుసు. నేపుల్స్ నుంచి పాంపేకి వెళ్లే ప్రాంతీయ రైలు ధర ఎప్పుడు కొన్నా ఒకటే, అప్పటికప్పుడు కొనుక్కోవచ్చు. కాగితం టికెట్ అయితే ఎక్కే ముందు ప్లాట్‌ఫాం దగ్గర ఉన్న చిన్న మెషీన్‌లో పెట్టి ముద్ర వేయించాలి, లేకపోతే జరిమానా, టూరిస్టు అని వదలరు.

కొలోసియం టికెట్లు వెళ్లే రోజుకు 30 రోజుల ముందు వదులుతారు, ఆ రోజే కూర్చుని కొను, పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఇవ్వాలి. పాంపేలో కూడా ఇప్పుడు పేరు మీదే టికెట్, 2024 నవంబర్ నుంచి రోజుకు 20,000 మందినే రానిస్తున్నారు. ప్రభుత్వ మ్యూజియాల్లో, తవ్వకాల చోట్ల 18 ఏళ్ల లోపు పిల్లలకు ఉచితం, అయినా పాపకు సున్నా ధర టికెట్ తీయాలి, పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోవాలి. నెలలో మొదటి ఆదివారం అందరికీ ఉచితం, నువ్వు వెళ్లేది రెండో వారం కాబట్టి ఆ గుంపు తప్పింది.

వాటికన్‌కి సోమవారం రద్దీ ఉంటుంది, అయినా బుధవారం పొద్దున పోప్ దర్శనం రోజు కంటే నయం. ఆన్‌లైన్‌లో టైం స్లాట్ తీసుకో, సెయింట్ పీటర్స్ చర్చికి భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు ఉండాలి, అమ్మగారి చీరకు ఏ ఇబ్బందీ లేదు.

వీసా అప్లికేషన్‌లో నేపుల్స్ రాత్రి కూడా హోటల్ బుకింగ్‌తో చూపించు, ఎక్కడా ఒక్క రాత్రి ఖాళీ కనబడకూడదు. ఇన్సూరెన్స్ 30,000 యూరోలకు తగ్గకుండా అయిదుగురికీ. వీసా ఫీజు పెద్దవాళ్లకు 90 యూరోలు, పాపకు 6 నుంచి 12 ఏళ్ల లోపు కాబట్టి 45, సర్వీస్ చార్జీ దానికి అదనం. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే పెట్టుకోవచ్చు, దసరాకి జనం ఎక్కువ, స్లాట్లు త్వరగా అయిపోతాయి, కాబట్టి రేపే చూడు.

శుక్రవారం ఎయిర్‌పోర్టుకి: రోమ్ పాత గోడల లోపలి నుంచి ఫ్యూమిచీనో ఎయిర్‌పోర్టుకు టాక్సీ రేటు నగరపాలక సంస్థ ఖాయం చేసింది, బేరం అక్కర్లేదు. కానీ మామూలు టాక్సీలో నలుగురే పడతారు, మీరు అయిదుగురు, పైగా పెట్టెలు. ముందు రోజే హోటల్ వాళ్లకు చెప్పి పెద్ద వ్యాన్ పిలిపించుకో.